సైలెన్సర్ మారిస్తే పవర్ పెరుగుతుందా? మాజ్దా ఎంఎక్స్-5 చెప్పే లెక్క

తేలికపాటి స్పోర్ట్స్ కారు చేతికొచ్చాక చాలామంది కన్ను ముందు పడేది వెనక సైలెన్సర్ మీదే. విప్పడం తేలిక, బయటికి కనిపిస్తుంది, మార్చిన నిమిషం నుంచే తేడా చెవికి తెలుస్తుంది. అమ్మేవాళ్లు శబ్దం దగ్గరే ఆగరు, ఐదో పదో హార్స్‌పవర్ కూడా పెరుగుతుందంటారు. మార్పించుకున్నాక మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. బండి పరుగందుకుందని ఒకరు, తక్కువ ఆర్‌పీఎంలో లాగడం తగ్గిందని ఇంకొకరు, హైవే మీద గంట నడిపితే తల దిమ్మెక్కుతోందని మరొకరు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఈ లెక్క తేల్చడానికి మాజ్దా ఎంఎక్స్-5 మంచి ఉదాహరణ. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన ఈ రెండు సీట్ల కారు 2016 ఏప్రిల్‌లో తయారీలో పది లక్షల సంఖ్యకు చేరింది. బరువు టన్నుకు అటూ ఇటూ, ముందు నాలుగు సిలిండర్ల ఇంజిన్, నడిచేది వెనక చక్రాల మీద. దీనికి దొరికినన్ని ఎగ్జాస్ట్ విడిభాగాలు ఈ తరగతిలో మరే కారుకూ దొరకవేమో.

క్లుప్తంగా

టర్బో (పొగ బలంతో ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) లేని చిన్న ఇంజిన్‌లో వెనక సైలెన్సర్ మారిస్తే పెరిగే పవర్, డైనో అనే పవర్ కొలిచే యంత్రం మీద చూసినా అనుమానంగానే ఉంటుంది. ఖాయంగా దక్కేవి శబ్దంలో మార్పు, కొన్ని కిలోల బరువు తగ్గడం. పొగ దారిలో పవర్‌ను నిజంగా శాసించేవి ముందున్న హెడర్ (ఇంజిన్ పొగను తెచ్చి కలిపే గొట్టాలు), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది). చట్టం గట్టిగా కాపలా కాసేది కూడా వాటినే. అంటే స్వేచ్ఛగా మార్చుకోగలిగిన చోట లాభం తక్కువ, లాభం ఉన్న చోట స్వేచ్ఛ తక్కువ. ఈ మెలిక తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

పొగ దారిలో ఏ ముక్క పని ఏమిటి

ఇంజిన్ నుంచి వెనక బంపర్ దాకా నాలుగు ముక్కలుంటాయి. సిలిండర్ హెడ్‌కు బిగించి ఉండేది హెడర్. నాలుగు సిలిండర్ల పొగను నాలుగు గొట్టాల్లో తెచ్చి ఒకచోట కలుపుతుంది. దాని తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్, వాడుకలో క్యాట్. తేనెపట్టు లాంటి సన్నని గదుల లోపలి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. దీనికి ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి. తర్వాత మిడ్ పైపు, చాలాసార్లు దానిలోనే హోరును అణిచే చిన్న రెజొనేటర్. చివర్న, వెనక ఇరుసు అవతల అడ్డంగా పడుకుని ఉండే పెద్ద డబ్బా సైలెన్సర్.

ఆ చివరి డబ్బా ఒక్కటే మారిస్తే యాక్సిల్ బ్యాక్ అంటారు, క్యాట్ తర్వాత ఉన్నదంతా మారిస్తే క్యాట్ బ్యాక్. ధరలోనూ పనిలోనూ రెండింటికీ చాలా తేడా ఉంది. ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ పేర్ల దగ్గరే పొరపాట్లు జరుగుతుంటాయి.

పొగ దారిలో పీడన నష్టం, ప్రవాహపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ప్రవాహం రెండింతలైతే అడ్డంకి నాలుగింతలు. 1.6 లేదా 2.0 లీటర్ల మామూలు ఇంజిన్ వదిలే పొగకు కంపెనీ సైలెన్సర్ పెద్ద అడ్డంకి కాదు, ఆ ప్రవాహాన్ని లెక్కలో పెట్టుకునే దాన్ని తయారు చేశారు. అదే కారుకు టర్బో బిగించి పవర్ రెండింతలు చేస్తే అదే డబ్బా గొంతు నొక్కేస్తుంది. టర్బో కార్లవాళ్లు చెప్పే 'సైలెన్సర్ మారిస్తే ఇంత పెరిగింది' అన్న అంకెలు మామూలు ఇంజిన్‌కు వర్తించకపోవడానికి కారణం ఇదే.

'బ్యాక్ ప్రెషర్ కావాలి' అన్న మాట

మెకానిక్ షెడ్లలో తరచూ వినిపించే మాట ఇది: కొంచెం బ్యాక్ ప్రెషర్ లేకపోతే ఇంజిన్ లాగదు. చూసింది నిజమే, చెప్పే కారణమే తప్పు. ఏ ఇంజిన్‌కూ పొగకు ఎదురుతన్నే ఒత్తిడి అక్కర్లేదు. కావలసింది పొగ వేగం.

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగ ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. ఒక్కో దెబ్బా పీడన తరంగంగా హెడర్ గొట్టంలో పరిగెత్తి, గొట్టాలు కలిసే చోట ఒక్కసారిగా వెడల్పు దొరకగానే కొంత భాగం రుణ పీడన తరంగంగా వెనక్కి తిరుగుతుంది. అది వాల్వ్ దగ్గరికి చేరే సమయానికి ఎగ్జాస్ట్ వాల్వ్ మూతపడబోతూ, ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకోబోతూ ఉంటే సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి చోటు చేస్తుంది. ఈ సమయం కుదరడం హెడర్ గొట్టం పొడవు మీద ఆధారపడుతుంది. ఒక పొడవు ఒక ఆర్‌పీఎం శ్రేణికే సరిపోతుంది. నాలుగు గొట్టాలు నేరుగా ఒకటయ్యే 4-1 హెడర్ పై ఆర్‌పీఎంలో బలం చూపిస్తుంది. రెండేసి కలిసి ఆ తర్వాత ఒకటయ్యే 4-2-1 మధ్య శ్రేణిలో విస్తారంగా పనిచేస్తుంది.

ఇప్పుడు గొట్టం లావు సంగతి. 57 మిల్లీమీటర్ల గొట్టం తీసేసి 76 మిల్లీమీటర్లది వేస్తే అడ్డుకోత వైశాల్యం దాదాపు 78 శాతం పెరుగుతుంది. అదే మోతాదు పొగ అంత పెద్ద దారిలో నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది, వెనక వచ్చే దెబ్బకు ముందున్నది అందించే లాగుడు బలహీనపడుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ తగ్గినట్టు అనిపించేది అందుకే. దాన్నే 'బ్యాక్ ప్రెషర్ పోయింది' అనుకుంటారు. టర్బో లేని ఎంఎక్స్-5కి 57 నుంచి 60 మిల్లీమీటర్లు చాలు, 63.5 దాటాల్సిన పని లేదు. 76 మిల్లీమీటర్ల గొట్టం టర్బో కారు సామాను.

కంపెనీ 26 హార్స్‌పవర్ ఎలా తెచ్చింది

నాలుగో తరం ఎంఎక్స్-5ను ఎన్‌డీ అంటారు. అమెరికాలో దాని 2.0 లీటర్ల ఇంజిన్ మొదట 155 హార్స్‌పవర్ ఇచ్చేది. 2019 మోడల్‌లో అది 181కి చేరింది. ఆ 26 హార్స్‌పవర్ కోసం మాజ్దా ముట్టుకున్న భాగాలు చూస్తే చాలా సంగతి అర్థమవుతుంది. థ్రాటిల్ బాడీ, ఇన్‌టేక్ దారి పెద్దవి చేసింది. ఎగ్జాస్ట్ వాల్వులు, పోర్టులు, మానిఫోల్డ్ (అంటే హెడర్) మార్చింది. ఒక్కో పిస్టన్‌లో 27 గ్రాములు, ఒక్కో కనెక్టింగ్ రాడ్‌లో 41 గ్రాములు తగ్గించి, గరిష్ఠ ఆర్‌పీఎంను 6,800 నుంచి 7,500కి ఎత్తింది. సైలెన్సర్‌నూ సవరించింది కానీ, పవర్ పెరిగింది దానివల్ల కాదు, గాలి లోపలికొచ్చే మూతి నుంచి పొగ వాల్వు దాటేదాకా అంతా కలిపి మార్చడం వల్ల.

ఇంకో సంగతి. ఈ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 13:1, పెట్రోల్ ఇంజిన్‌కు చాలా ఎక్కువ. సిలిండర్‌లో వేడి పొగ మిగిలిపోతే నాకింగ్ (ఇంధనం వేళ తప్పి పేలడం) వస్తుంది కాబట్టి కంపెనీయే పొడవాటి 4-2-1 హెడర్ వేసింది. అలా ముందే బాగున్న భాగాన్ని బయటి హెడర్‌తో మారిస్తే వచ్చే లాభం, పాత కార్ల అనుభవంతో ఆశించినంత ఉండదు. ఉన్న లాభం రాబట్టాలన్నా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ తోడు కావాలి. క్యాట్ బ్యాక్‌కు ట్యూనింగ్ అక్కర్లేదు.

డైనో కాగితం ఎలా చదవాలో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 155 హార్స్‌పవర్‌లో రెండు శాతం అంటే మూడు హార్స్‌పవర్. గాలి వేడి, ఇంజిన్ వేడి, టైరు పీడనం మారితేనే రెండు పరుగుల మధ్య అంత తేడా రావచ్చు. ఒకే రోజు, ఒకే డైనో మీద, ముందు మూడు పరుగులు, మార్చాక మూడు పరుగులు తీసి సగటు చూపించని ప్రకటనకు విలువ ఇవ్వనక్కర్లేదు. గరిష్ఠ అంకె ఒక్కటే కాదు, 2,500 నుంచి పైదాకా గీత మొత్తం చూడాలి.

బరువు వైపు నుంచి చూస్తే

తేలిక కారులో లాభం కనిపించే చోటు ఇది. 1,060 కిలోల కారుకు సైలెన్సర్ మార్పుతో 7 కిలోలు తగ్గాయనుకుందాం. బరువులో అది 0.66 శాతం. 155 హార్స్‌పవర్ కారు పవర్-బరువు నిష్పత్తిలో ఒక హార్స్‌పవర్ పెరిగినదానితో సమానం. ఇదేమంత గొప్ప కాదు. కానీ ఆ ఏడు కిలోలూ వెనక ఇరుసుకు అవతల, కారు చిట్టచివర వేలాడే బరువు. ఇరుసుల మధ్య తగ్గే ఏడు కిలోల కన్నా చివర తగ్గేవి మలుపుల్లో కారు తిరిగే చురుకుదనానికి ఎక్కువ సాయపడతాయి. ఇంజిన్ మధ్యలో ఉండే లోటస్ ఎలీజ్ లాంటి కార్లలో గొట్టం పొడవే తక్కువ. అక్కడ బరువు మిగలడం కన్నా శబ్దం అణచడానికి చోటు చాలకపోవడమే పెద్ద చిక్కు.

హైవే మీద హోరు

ఫిర్యాదుల్లో ఎక్కువ దీని గురించే. ఊళ్లో తిప్పుతున్నప్పుడు బ్రహ్మాండంగా ఉన్న శబ్దం, స్థిరమైన వేగంతో వెళ్తుంటే చెవుల్లో గుయ్‌మనే హోరుగా మారుతుంది. దానికి లెక్క ఉంది.

ఆరు గేర్ల మాన్యువల్ ఎన్‌డీ 2.0లో ఆరో గేరు నిష్పత్తి 1, ఫైనల్ డ్రైవ్ 2.866. 205/45 సైజు 17 అంగుళాల టైరు ఒక చుట్టుకు సుమారు 1.94 మీటర్లు పోతుంది. అమెరికా హైవేల మీద మామూలైన గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజిన్ సుమారు 2,780 ఆర్‌పీఎం తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. 2,780ని 60తో భాగించి రెండుతో గుణిస్తే దాదాపు 93 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 93 దెబ్బలు. 75 మైళ్లకు వెళ్తే 99. చిన్న క్యాబిన్‌లో గాలి, టాప్, వెనక రేకు కలిసి స్పందించే మంద్ర స్థాయి ఈ దగ్గరలోనే పడితే హోరు పుడుతుంది. రోడ్డు మీద గంటల తరబడి ఉండే వేగం, గొట్టం వదిలే స్వరం, క్యాబిన్ పలికే స్వరం, ఈ మూడూ ఒకచోట కలుస్తాయి.

గ్లాస్‌వూల్ కుక్కిన నేరు గొట్టం సైలెన్సర్ పై స్వరాలను బాగా మింగుతుంది, 90-100 హెర్ట్‌జ్ మంద్ర స్వరాన్ని దాదాపు వదిలేస్తుంది. కంపెనీ డబ్బా బరువుగా ఉండడానికి ఒక కారణం అందులోని గదులు. ఆ గదులు పట్టేది సరిగ్గా ఈ స్వరాలనే. బరువు తగ్గించడమంటే కొంతవరకు ఆ గదులను తీసేయడమే.

దీనికి విరుగుడు చివర మూసిన పక్క గొట్టం. జె-పైపు అని పిలుస్తారు. దాని పొడవు, ఆపదలచిన తరంగం పొడవులో నాలుగో వంతు ఉంటే, అందులోకి వెళ్లి తిరిగొచ్చిన తరంగం అసలు దాన్ని కొట్టేస్తుంది. పొగ వేడి 300 డిగ్రీల సెల్సియస్ అయితే ధ్వని వేగం సెకనుకు 480 మీటర్లు. 93 హెర్ట్‌జ్‌కు నాలుగో వంతు 1.29 మీటర్లు. అయితే మూసిన గొట్టంలో పొగ పారదు కాబట్టి అక్కడ వేడి తక్కువ. 200 డిగ్రీలే అనుకుంటే ధ్వని వేగం 436కు దిగి, కావలసిన పొడవు 1.17 మీటర్లవుతుంది. లెక్క కాగితం మీద ఒకటి, కారు కింద ఒకటి అయ్యేది ఇలాగే. అందుకే అనుభవమున్న ఫ్యాబ్రికేటర్ కాస్త పొడవుగానే వేసి, రోడ్డు మీద విని, సెంటీమీటర్ సెంటీమీటర్ కోసుకుంటూ వస్తాడు. మీటరు పైన గొట్టానికి ఎంఎక్స్-5 కింద చోటు దొరకడం కష్టం. అప్పుడు ఖాళీ సీసా మూతి మీద ఊదితే పలికే సూత్రంతో పనిచేసే హెల్మ్‌హోల్ట్‌జ్ గది వాడతారు. దాదాపు ఏ హోరుకైనా మిడ్ పైపులోని రెజొనేటర్ తీసేయకపోవడమే మొదటి జాగ్రత్త. ఉన్నదాన్ని తీసేసి, తర్వాత హోరు తగ్గించడానికి మళ్లీ కొనేవాళ్లు తక్కువేం కాదు.

లోహం ఎంపిక

కారు కంపెనీలు ఎక్కువగా వాడేది 409 రకం స్టెయిన్‌లెస్. పైపైన తుప్పు పట్టినా ఏళ్ల తరబడి ఆగుతుంది. బయటి విడిభాగాల్లో మేలైనవి 304. అయస్కాంతం పెట్టి చూస్తే 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి అతుక్కోదు, మహా అయితే వంపుల దగ్గర కొద్దిగా లాగుతుంది. 304 అని చెప్పి 409 అంటగట్టే చోట ఈ పరీక్ష పనికొస్తుంది. టైటానియం సాంద్రత స్టీలులో సగం కన్నా కాస్త ఎక్కువ, ధర మాత్రం ఎన్నో రెట్లు. పలచటి గోడ వల్ల శబ్దంలో రేకు మోత వినిపిస్తుంది.

304 వేడికి ఎక్కువ సాగుతుంది. రెండు మీటర్ల గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 409 అయితే ఆరేడు మిల్లీమీటర్లే. షెడ్‌లో చల్లగా ఉన్నప్పుడు చక్కగా కుదిరిన గొట్టం రోడ్డెక్కాక బంపర్ అంచును కరిగించడానికి కారణం ఇదే.

బిగించేటప్పుడు

యాక్సిల్ బ్యాక్ మార్చడం రెండు గంటల పని, తుప్పు లేకపోతే. ముందురోజు రాత్రే ఫ్లాంజ్ (గొట్టాలను కలిపే అంచు పళ్లెం) నట్ల మీద పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక వెనక భాగం లేపి, తప్పనిసరిగా జాక్ స్టాండ్ల మీద నిలపాలి. సైలెన్సర్ కింద చెక్క ముక్కో రెండో జాకో పెట్టకుండా నట్లు విప్పితే బరువంతా రబ్బరు హ్యాంగర్ల మీద, ముందు గొట్టం మీద పడుతుంది. హ్యాంగర్లు ఊడదీయడానికి సబ్బు నీళ్లు లేదా సిలికాన్ స్ప్రే వాడాలి. పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బిస్తాయి. చీలికలు కనిపించిన హ్యాంగర్‌ను అప్పుడే మార్చేయడం మేలు.

గ్యాస్కెట్ కొత్తది వేయాలి. పాతది ఒకసారి నలిగి ఉంటుంది, రెండోసారి సీలు చేయదు. కొత్త సైలెన్సర్‌ను హ్యాంగర్లకు తగిలించి, నట్లు చేత్తో మాత్రమే తిప్పి వదిలేసి, ముందు అమరిక చూసుకోవాలి. బంపర్ కటింగ్ చుట్టూ 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ, చుట్టూ ఒకేలా ఉండాలి. తర్వాత ముందు నుంచి వెనక్కి వరుసగా బిగించాలి. ఫ్లాంజ్ నట్లకు బిగువు ఎంతో ఆ ఏడాది వర్క్‌షాప్ మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తోనే ఇవ్వాలి. ఒకే పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు పోతే ఫ్లాంజ్ వాలుతుంది, గ్యాస్కెట్ ఒక పక్కనుంచి ఊదుతుంది.

స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో గొట్టం మూతి కాసేపు పాక్షికంగా మూస్తే లీకున్న చోట బుస్సుమంటుంది. కొన్ని రోజులయ్యాక ఫ్లాంజ్ దగ్గర నల్లటి మసి కనిపించినా లీకే. వెనక ఫ్లాంజ్ లీకుతో చిటపటలు, గరగర తప్ప పెద్ద నష్టం లేదు. అదే లీకు ముందు ఆక్సిజన్ సెన్సర్‌కు ఎగువన ఉంటే, పొగ దెబ్బల మధ్య బయటి గాలి లోపలికి లాగబడుతుంది. మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని సెన్సర్ పొరపడుతుంది. ఈసీయూ ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కారణం ఎంత వెతికినా దొరకదు. హెడర్ మార్చినవాళ్లు మొదట అనుమానించాల్సింది దీన్నే.

మొదటి పావుగంట కొత్త సైలెన్సర్ నుంచి పొగ, కమురు వాసన వస్తాయి. తయారీలో అంటిన నూనె కాలడమే అది. ఓ 150 కిలోమీటర్లు తిరిగాక, చల్లారాక నట్లు మళ్లీ చూసుకోవాలి. గ్లాస్‌వూల్ రకం సైలెన్సర్ శబ్దం ఏడాది రెండేళ్లలో పెరుగుతూ పోతుంది, లోపలి ఊలు కొద్దికొద్దిగా కాలిపోయి బయటికి కొట్టుకుపోతుంది. కొన్నరోజు కొలిచిన డెసిబెల్ అంకెను నమ్ముకోకూడదు.

హెడర్ పని వేరు. ఏళ్ల వేడికి హెడ్‌లోని స్టడ్లు బిగుసుకుపోయి ఉంటాయి. బలం పెడితే విరుగుతాయి. విరిగితే డ్రిల్లు వేసి తీయడానికి ఒక రోజు పోతుంది. గ్యాస్ మంటతో వేడి చేసి, బిగించే వైపు కొద్దిగా, విప్పే వైపు కొద్దిగా తిప్పుతూ రావాలి. సెన్సర్ మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పూత) పూసేటప్పుడు సెన్సర్ కొనకు అంటకుండా చూడాలి.

చట్టం ఎక్కడ నిలబడింది

అమెరికాలో క్యాట్ తీసేయడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం, రాష్ట్రంతో సంబంధం లేదు. 'ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే' అన్న స్టిక్కర్ రోడ్డు మీద తిరిగే కారును కాపాడదు. క్యాట్ తీసేసినా, నాసిరకం వేసినా, వెనక సెన్సర్ పట్టేసి పి0420 కోడ్‌తో చెక్ ఇంజిన్ దీపం వెలిగిస్తుంది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు కానీ, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే కాలిన్, డెంటన్, డాలస్, ఫోర్ట్ బెండ్ సహా పలు కౌంటీల్లో పొగ తనిఖీ అలాగే ఉంది. ఆ దీపం వెలుగుతుంటే అక్కడ పాసవ్వదు. కాలిఫోర్నియా ఇంకా కఠినం. హెడర్‌కు, క్యాట్‌కు ఆ రాష్ట్ర వాయు మండలి ఇచ్చిన ఈఓ అనే అనుమతి నంబరు ఉండాలి, తనిఖీలో కంటితోనూ చూస్తారు. క్యాట్ తర్వాతి గొట్టానికి ఆ నంబరు అక్కర్లేదు, 6,000 పౌండ్ల లోపు కార్లకు 95 డెసిబెళ్ల శబ్ద పరిమితి మాత్రం వర్తిస్తుంది. సైలెన్సర్ మార్చినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, చెడిపోవడానికి ఆ విడిభాగమే కారణమని చూపాల్సింది కంపెనీ.

బ్రిటన్‌లో కంపెనీ నుంచి క్యాట్‌తో వచ్చిన కారుకు అది లేకపోతే ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో ఫెయిలే. జపాన్‌లో 2010 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు బయటి సైలెన్సర్ వేయాలంటే ముందస్తు ధ్రువీకరణ గుర్తు ఉండాలి.

భారత్‌లో ఎంఎక్స్-5ను మాజ్దా అధికారికంగా అమ్మలేదు. అయినా సూత్రం ఏ కారుకైనా ఒకటే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే నిలబెట్టింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190(2) కింద జరిమానా 10,000 రూపాయల దాకా ఉండొచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు రోడ్ రోలర్ కింద నలిపించినవి ఎక్కువగా బైకుల సైలెన్సర్లే అయినా, కార్లకు వేరే చట్టమేమీ లేదు.

ఏం మార్చినా, విప్పిన కంపెనీ సైలెన్సర్‌ను, హెడర్‌ను, క్యాట్‌ను గుడ్డ చుట్టి దాచుకోవాలి. తనిఖీకి వెళ్లేముందు, శబ్ద పరిమితి ఉన్న రేస్ ట్రాక్‌కు వెళ్లేముందు, కారు అమ్మేరోజు అవే మళ్లీ అవసరమవుతాయి. పాత కారుకు అసలు భాగాలు వెతకబోతే, మొదట కొన్న కొత్త సైలెన్సర్ కన్నా వాటి ధరే ఎక్కువ పలకొచ్చు.